జీపు ట్యాంకుకు మాటు వేయించనన్నందుకు

"రేకు డబ్బాప్పా అది. దానికి ఇంత ఆలోచన యాడైనా ఉందా?" అన్నాడు మా బావ. ట్రాక్టరు, బోరు మోటార్లు, చీనీ (బత్తాయి) తోటకు మందు కొట్టే ఇంజను, ఒకప్పుడు సొంత లారీ, ఇవన్నీ తన చేత్తోనే విప్పి బిగించుకుంటూ బతికిన మనిషి ఆయన. నా పాత మహీంద్రా జీపు డీజిల్ ట్యాంకు అడుగున తడి కనిపించగానే కడపలో ఏదో ఒక వెల్డింగ్ షాపుకు తోలుకుపోయి, చిల్లు మీద రేకు అతికించి మాటు పెట్టించి, పొద్దుగూకేలోపు ఇంటికి రావాలన్నది ఆయన లెక్క. నేను ట్యాంకే మార్పిస్తానన్నాను. అప్పటినుంచి ఏ పెళ్ళిలో కలిసినా ఇదే పంచాయితీ. నోటి వాదనలో ఆయన్ను గెలవడం మా ఇంట్లో ఎవరి వల్లా కాలేదు కాబట్టి నా మాట ఇక్కడ రాసి పెడుతున్నా.

నేననేది ఇది. లోపలి నుంచి తుప్పు పట్టిన డీజిల్ ట్యాంకుకు మాటు వేయిస్తే ఖర్చు తగ్గదు, చేతులు మారుతుంది. కొంత వెల్డింగ్ చేసే మనిషి మీద పడుతుంది. కొంత ఘాట్ రోడ్డులో మన వెనక మోటార్ సైకిల్ మీద వచ్చేవాడి మీద పడుతుంది. మిగిలింది తిరిగి తిరిగి మన ఇంజన్‌కు డీజిల్ అందించే పంపు మీదికే వస్తుంది.

మాటు వేయడమంటే నాకు చిన్నచూపేమీ లేదు. కుంపటి పెట్టుకుని వీధిలో బిందెలకు మాట్లు వేసేవాళ్ళను చూస్తూ పెరిగాను. చిల్లు పడిన బిందెను పారేసేవాళ్ళను మా వీధిలో ఎవరూ మెచ్చుకునేవాళ్ళు కాదు. బావ మనసులో ఉన్నదీ ఆ బిందే అనుకుంటా. బిందెకు వేసిన మాటు ఊడితే గడప తడుస్తుంది, అంతే కదా. ట్యాంకు సంగతి అట్లా ఉండదు.

వాన పడని ఊర్లో తుప్పా?

బావ మొదటి అభ్యంతరం: "ఇదేమన్నా బందరా, విశాఖపట్నమా, ఉప్పుగాలి కొట్టడానికి?" అడగాల్సిన ప్రశ్నే. కడప జిల్లాలో ఏడాదికి సగటున పడేది 700 మిల్లీమీటర్ల దరిదాపు వాన. పక్కన అనంతపురంలో అదీ లేదు, 550 చిల్లర. నా జీపు బాడీ చూస్తే రంగు వెలిసింది గానీ రేకు గట్టిగానే ఉంది. మరి ట్యాంకు ఒక్కటే ఎందుకు పోయింది?

ఎందుకంటే అది లోపలి నుంచి పోయింది. డీజిల్ నీళ్ళకంటే తేలిక. లీటరు డీజిల్ 850 గ్రాములు కూడా తూగదు. ట్యాంకులోకి ఎన్ని చుక్కలు నీళ్ళు పోయినా అవి అడుక్కు చేరి అక్కడే ఉండిపోతాయి. పైన డీజిల్ కప్పి ఉంటుంది కాబట్టి ఆవిరైపోయే దారి కూడా ఉండదు. బయట రోడ్డు మీద తారు కరిగే ఎండ కాస్తున్నా ట్యాంకు అడుగు రేకు మాత్రం ఏడాది పొడుగునా తడిలో నానుతూనే ఉంటుంది.

ఆ నీళ్ళు ఎక్కడినుంచి వస్తాయనే దానికి అందరూ చెప్పే కారణం ఒకటుంది. ట్యాంకు సగం ఖాళీగా ఉంటే ఆ ఖాళీలో గాలి ఉంటుంది, రాత్రి చల్లబడినప్పుడు అందులోని తేమ రేకు మీద చెమ్మగా పట్టి కిందికి జారుతుంది. నిజమే గానీ మన ఎండాకాలపు గాలిలో తేమ ఎంత? ఒక్క ఈ కారణంతోనే ట్యాంకు చిల్లు పడుతుందంటే నేను నమ్మను. మన దగ్గర పెద్ద దోషులు వేరే ఉన్నారు. ఒకటి, మూత కింద ఎండిపోయి పగిలిన రబ్బరు. వాటర్ సర్వీసింగ్ వాడు పైపు తిప్పి కొట్టినప్పుడల్లా కొంచెం లోపలికి పోతుంది. రెండు, తోట దగ్గర నిలవ పెట్టే డీజిల్ డ్రమ్ము. నిలబెట్టిన డ్రమ్ము పైన వాన నీళ్ళు నిలుస్తాయి, బిరడా పక్కనుంచి మెల్లగా దిగుతాయి. మూడు, వంకలు (వాగులు) దాటడం.

ఈ మూడోది జీపుల వాళ్ళకే ప్రత్యేకం. 2021 నవంబరు గుర్తుంది కదా, 19వ తేదీన అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఊళ్ళ మీద పడిన నెల. ఆ వానల్లో మా వైపు వంక దాటని బండి లేదు. ఇంజన్ నుంచి తిరిగొచ్చే డీజిల్ వల్ల ట్యాంకు వెచ్చగా ఉంటుంది. ఆ వెచ్చని ట్యాంకు ఒక్కసారిగా చల్లటి నీళ్ళలో మునిగితే లోపలి గాలి ముడుచుకుంటుంది. అప్పుడు ట్యాంకు లోపలికి గాలి అందించే గాలి పైపు నీళ్ళలో ఉందంటే పీల్చేది నీళ్ళనే. ఏరు దాటి గట్టెక్కామని మనం ఊపిరి పీల్చుకునేలోపు ట్యాంకు తాగాల్సింది తాగేసి ఉంటుంది.

నీళ్ళూ డీజిలూ కలిసే చోట ఇంకో చిక్కు కూడా ఉంది. అక్కడ బూజు, బ్యాక్టీరియా పెరుగుతాయి. నల్లటి జిగటగా, పాచిలాగా తయారై, పుల్లటి ఆమ్లాన్ని వదులుతూ రేకును ఇంకా తొందరగా తినేస్తాయి. నా ట్యాంకు విప్పినప్పుడు అడుగున వేలితో తీస్తే సాగిన నల్లటి పదార్థం అదే. మెకానిక్ అన్న దాన్ని "తారు" అన్నాడు. మా వైపు బంకుల్లో కల్తీ చేస్తారనడానికి అదే సాక్ష్యం అని కూడా అన్నాడు. బంకుల తరఫున వాదించే ఓపిక నాకు లేదు గానీ ఆ జిగటకు కల్తీ అక్కర్లేదు, నిలవ నీళ్ళు చాలు.

బయటి తుప్పు వేరే రకం. చాసిస్‌కు ట్యాంకును బిగించే పట్టీల కింద ఉండే రబ్బరు ముక్కల్లో బురద చేరుతుంది, ఆరదు. ట్యాంకు నెత్తి మీద, మన కంటికి ఎప్పుడూ కనపడని చోట రేగడి మట్టి అట్టలు కడుతుంది. రాళ్ళు తగలకుండా కింద గార్డు ప్లేటు బిగించిన బండ్లలో అయితే ఆ ప్లేటుకీ ట్యాంకుకీ మధ్య ఒక చిన్న మడి తయారవుతుంది. తమాషా ఏమంటే నెత్తి మీద చిల్లు పడితే ట్యాంకు నిండా పోయించినప్పుడే కారుతుంది. నాకు ముందు ఈ జీపు నడిపినాయన అమ్మేటప్పుడు ఒక సలహా ఇచ్చాడు: "సగమే పోయించుకోండి సార్, బండి తేలిగ్గా లాగుతుంది." చాలాకాలం తర్వాత ట్యాంకు కిందికి దించి చూస్తే గానీ ఆ సలహా ఎందుకో అర్థం కాలేదు. కారకుండా ఉండాలని సగమే పోయించాడు, సగం ఖాళీ ఉంది కాబట్టి లోపల చెమ్మ పట్టింది. ఒక తుప్పును దాచబోయి ఇంకో తుప్పును పెంచాడు.

గువ్వలచెరువు ఘాట్‌లో

ట్యాంకు లోపల తుప్పు రాలుతోందని కారడం కంటే ముందే తెలుస్తుంది. కాకపోతే అది ట్యాంకు మాటలా ఉండదు, పంపు మాటలా ఉంటుంది.

కడప నుంచి రాయచోటి పోయే దారిలో గువ్వలచెరువు ఘాట్ ఎక్కుతుంటే బండి మెల్లగా ఊపిరి ఆడనట్టు చేసి ఆగిపోయేది. పక్కకు తోసి కాసేపు నిలబడితే మళ్ళీ స్టార్ట్ అయ్యేది, ఏమీ జరగనట్టు. చదును రోడ్డు మీద మాత్రం ఇబ్బందే లేదు. ఆగడానికి అంతకంటే మంచి చోటు లేదనేవాళ్ళున్నారు, అక్కడి పాలకోవా అట్లాంటిది. కానీ లారీలు దిగే మలుపులో చచ్చిపోయిన జీపు పక్కన నిలబడితే కోవా మీద మనసు పోదు.

చూసిన ప్రతివాళ్ళూ పంపు అన్నారు. పంపు విప్పి కాలిబ్రేషన్ చేయాలి (డీజిల్ కొలత సరిచేయాలి), ఇంజన్‌లోకి డీజిల్ చిమ్మే నాజిళ్ళు మార్చాలి, ఇంత అవుతుంది అని ఒక షాపులో లెక్క కూడా రాసిచ్చారు. పంపు ముట్టుకోవద్దన్నది మా మెకానిక్ అన్న. ఆయన చేసింది చిన్న పని. పంపు వైపు పైపు విప్పి, నోటితో వెనక్కి ఊదాడు. ట్యాంకులో గుడగుడమని బుడగలు వచ్చాయి. "ఇప్పుడు పోండి, రొంత దూరం బాగా పోతుంది, మళ్ళీ ఆగుతుంది" అన్నాడు. అట్లాగే జరిగింది.

లోపల డీజిల్ పీల్చే పైపు కొన ట్యాంకు అడుగుకు కొంచెం పైన ఉంటుంది, దానికి చిన్న జల్లెడ. చదును రోడ్డులో తుప్పు పొట్టు అడుగున పడుకుని ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు డీజిల్ అంతా ఒక మూలకు చేరుతుంది, కొండ దారిలో కుదుపులకు పొట్టు లేస్తుంది, లోడు మీద ఇంజన్ ఎక్కువ పీలుస్తుంది. మూడూ కలిసేసరికి జల్లెడ మూసుకుపోతుంది. బండి ఆగితే పీల్చడం ఆగుతుంది, పొట్టు రాలిపోతుంది, మళ్ళీ స్టార్ట్ అవుతుంది. ఫిల్టరు గిన్నె అడుగున చేరిన ఎర్రపొడికి అయస్కాంతం చూపిస్తే అతుక్కుంది. దుమ్మయితే అతుక్కోదు కదా. ఆ తర్వాత నాకు అనుమానం మిగల్లేదు.

జల్లెడలో పట్టేది పెద్ద పొట్టు. దానివల్ల బండి ఆగుతుంది, మనకు తెలుస్తుంది. అసలు భయం సన్నపొడితో. పంపులో డీజిల్‌ను నెట్టే ప్లంజరుకు, అది కదిలే గూటికి మధ్య ఎడం మైక్రాన్లలో ఉంటుంది. మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్. చాలా రోటరీ పంపుల్లో లోపలి భాగాలకు నూనె వేరే ఉండదు, ఆ డీజిలే నూనె. అందులో నీళ్ళూ తుప్పుపొడీ కలిస్తే పంపును మనమే గరుకు కాగితంతో రుద్దినట్టు. ట్యాంకు మార్చడానికి అయ్యే దుడ్డు చూసి బావ నోరు తెరిచాడు గానీ ఆ షాపువాళ్ళు పంపుకు రాసిచ్చిన లెక్క దానికంటే ఎక్కువ. పాత ట్యాంకు అట్లాగే ఉంచి పంపు బాగు చేయించిన వాళ్ళు కొంతకాలానికి మళ్ళీ అదే షాపు మెట్లెక్కడం నేను చూశాను.

టార్చి పట్టుకునే మనిషి

ఇక వెల్డింగ్ సంగతి. బావకూ నాకూ అసలు తేడా వచ్చేది ఇక్కడే.

డీజిల్ అంటుకోదని మన దగ్గర ఒక నమ్మకం. అగ్గిపుల్ల గీసి డీజిల్ గిన్నెలో వేసి ఆర్పి చూపించే పెద్దమనుషులు ప్రతి ఊర్లో ఉంటారు. పెట్రోలుతో పోలిస్తే నిజమే, పెట్రోలు ఆవిరి సున్నా డిగ్రీలకు ఎంతో దిగువన కూడా నిప్పు అందుకుంటుంది. కానీ మన దేశంలో అమ్మే డీజిల్‌కు ప్రమాణం ఏమంటుంది? ఫ్లాష్ పాయింట్, అంటే నిప్పు చూపిస్తే ఆవిరి భగ్గుమనే వేడి, కనీసం 35 డిగ్రీలు ఉండాలంటుంది. బంకులో వచ్చేది అంతకంటే మెరుగ్గానే ఉండొచ్చు. అయినా మే నెలలో కడప ఎండ 40 దాటుతుంది, ఎండలో పడేసిన రేకు ట్యాంకు వేడి ఇంకా పైన. దాని మీదికి 3,000 డిగ్రీలు దాటే గ్యాస్ మంట తెస్తున్నాం.

నిండు ట్యాంకు కంటే ఖాళీ ట్యాంకు ప్రమాదం. నిండుగా ఉంటే లోపల గాలి ఉండదు, పేలడానికి గాలి కావాలి. "ఖాళీ చేశాం, సర్ఫుతో కడిగాం, ఎండబెట్టాం" అంటారు. తుప్పు పట్టిన ట్యాంకుకు ఆ కడుగుడు చాలదు. తుప్పు పొరల కింద, రేకు మడతల్లో, లోపల డీజిల్ అటూ ఇటూ ఎగరకుండా పెట్టే అడ్డురేకుల వెనక డీజిల్ దాక్కుంటుంది. వాసన చూస్తే తెలియదు. మంట తగిలి రేకు కాలినప్పుడు అదే ఆవిరిగా లేస్తుంది. ట్యాంకుకు వెల్డింగ్ చేస్తుండగా పేలుడు అనే వార్త పేపరు లోపలి పేజీల్లో చదవని వాళ్ళుండరు.

తెలిసిన వెల్డర్లు ట్యాంకును తిరగేసి, చిల్లు పైకి వచ్చేట్టు పెట్టి, చిల్లు దాకా నీళ్ళు నింపి, గాలి పోవడానికి దారి వదిలి పని చేస్తారు. కొందరు సైలెన్సర్ పొగ లోపలికి పట్టిస్తే చాలంటారు. ఆ పొగలో ప్రాణవాయువు ఉండదని వాళ్ళ ధైర్యం. స్లో మీద ఉన్న డీజిల్ ఇంజన్ పొగలో ఆక్సిజన్ బాగానే ఉంటుంది, కాబట్టి ఆ ధైర్యం ఉత్తదే.

కడపలో నేను మాట్లాడిన వెల్డింగ్ భాయ్ చాలా ఏళ్ళుగా ట్యాంకులకు మాట్లు పెడుతున్నాడు. నీళ్ళు నింపే చేస్తాడు. నా ట్యాంకు తీసుకుపోలేదు, ఊరికే అడగడానికి పోయాను. ఆ రోజు ఇంకెవరిదో ట్రాక్టరు ట్యాంకు బల్ల మీద ఉంది. అంతా సిద్ధం చేసి, టార్చి వెలిగించే ముందు పనికి కుదిరిన పిల్లోణ్ణి కేకేసి టీ తెమ్మన్నాడు. పిల్లోడు పోయాడు. పని అయిపోయింది, టీ వచ్చింది, భాయ్ తాగలేదు. పిల్లోడే తాగాడు. "మీరు తాగరా భాయ్?" అంటే "నాకు షుగరు సార్" అన్నాడు. అప్పుడు అర్థమైంది ఆ టీ ఎందుకో.

బావకు ఇది చెబితే ఆయన జవాబు కూడా గట్టిదే. "పని వద్దంటే వాడు బతికేదెట్లా? నీకు జాలి ఉంటే పని ఇయ్యి, మానుకోవడం జాలెట్లైతుంది?" దీనికి నా దగ్గర పూర్తి సమాధానం ఉందని చెప్పను. భాయ్‌నే అడిగాను. ఆయన తడుముకోకుండా చెప్పాడు: "గేటు తెండి, గ్రిల్లు తెండి, ట్రాలీ తెండి, కూలి అదే కూలి. తుప్పు ట్యాంకైతే చిల్లు పూడుస్తుంటే పక్కన ఇంకో చిల్లు పడుతుంది. రేకు కరిగిపోతుంది. దుడ్డు తీసుకోవాలంటే నాకే సిగ్గు." ఆయన అన్నదాంట్లో జాలి లేదు, పనితనం ఉంది. సన్నబడిన రేకు వేడికి ఆగదు. చిల్లు కనపడేది ఒక చోటే అయినా చుట్టూ జానెడు మేర రేకు కాగితంలా అయిపోయి ఉంటుంది.

లారీలు తిరగడం లేదా?

తిరుగుతున్నాయి. మాట్ల మీద మాట్లు ఉన్న ట్యాంకులతో ఎర్రగుంట్ల నుంచి సిమెంటు, నాపరాయి మోసుకుంటూ తిరుగుతున్నాయి. బావ వాదనలో బలమంతా ఇదే. ఏళ్ళ తరబడి లారీ నడిపిన మనిషికి ఇవన్నీ చెబితే నవ్వుతాడు.

ఆయన అనుభవాన్ని నేను తీసేయను. అడవిలోనో తోట దారిలోనో రాయి తగిలి ట్యాంకు కారితే బట్టల సబ్బు మెత్తగా చేసి చిల్లులో రుద్దడం నాకు నేర్పింది ఆయనే. సబ్బు డీజిల్‌లో కరగదు, ఇల్లు చేరేదాకా ఆగుతుంది. ఆ మీద ఎంసీల్ ముద్ద పెడితే ఇంకొన్నాళ్ళు. లోపల రేకు శుభ్రంగా ఉండి, రాయి తగిలి చిల్లు పడిందంటే నీళ్ళు నింపి మాటు పెట్టించడం సరైన పనే, నేనూ అదే చేయిస్తాను. కాబట్టి మాటా, కొత్తదా అని తేల్చే ముందు డీజిల్ ఎంతుందో చూపే ఫ్లోటు యూనిట్ విప్పి, ఆ రంధ్రంలోంచి లైటు వేసి లోపల చూడాలి. బూడిదరంగు రేకు కనిపిస్తే మాటు. ఎర్రగా పొలుసులు కనిపిస్తే మాటు పేరెత్తొద్దు. బావ ఎన్నో ఏళ్ళు నడిపిన లారీ ట్యాంకు లోపలి నుంచి శుభ్రంగా ఉండి ఉండొచ్చు. రోజూ ఖాళీ అయ్యి, రోజూ నిండే ట్యాంకులో నీళ్ళు నిలవడానికి తీరిక ఉండదు. నా జీపు తోటకు పోయినప్పుడు తిరుగుతుంది, లేనప్పుడు వేపచెట్టు కింద నిద్రపోతుంది. రెండింటికీ ఒకే లెక్క కుదరదు.

లోపల రసాయనం పూత వేయించమన్నవాళ్ళూ ఉన్నారు. కంకర, గొలుసు ముక్కలు వేసి ట్యాంకును ఊపి ఊపి పొలుసు రాల్చడం, ఆమ్లంతో కడగడం, వెంటనే ఆరబెట్టి పూత పోయడం. పెట్రోలు బైకు ట్యాంకుకు ఇది చేయించుకుని సంతోషంగా ఉన్నవాళ్ళు నాకు తెలుసు. జీపు ట్యాంకులో అడ్డురేకులున్నాయి. వాటి వెనక పొలుసు రాలిందో లేదో చూసే దారి లేదు. కడిగి ఆరబెట్టేలోపే రేకు మళ్ళీ ఎర్రబడుతుంది. సరిగా పట్టని పూత కొంతకాలానికి పొరలుగా ఊడి అదే జల్లెడకు అడ్డం పడితే తుప్పు పొట్టే నయం అనిపిస్తుంది.

కారడం గురించి ఒక మాట. నాలుగు చుక్కలు కారితే నష్టం మనదే కదా, లీటరు వంద రూపాయలకు దగ్గర పెట్టి కొంటున్నది మనమే కదా అనుకుంటాం. ఘాట్ మలుపులో రోడ్డు మీద పడిన డీజిల్ పెట్రోలులాగా ఎగిరిపోదు, పొరలాగా ఉంటుంది. తొలకరి చినుకు పడితే ఇంకా జారుతుంది. నాలుగు చక్రాల మీద ఉన్న మనకు తెలియదు. వెనక పెళ్ళాం పిల్లల్ని ఎక్కించుకుని బైకు మీద మలుపు తిరిగేవాడికి తెలుస్తుంది. మాటు వేసిన ట్యాంకు మొదట కారేది కూడా అక్కడే, ఎందుకంటే కుదుపుకు, ఒరగడానికి బీటలిచ్చే చోటు మాటు అంచే. బావ ఈ ఒక్క మాటకు మాత్రం ఎదురు చెప్పలేదు. మాట మార్చి, "ఇంత పాత బండికి ఇంత అవసరమా, అమ్మెయ్" అన్నాడు.

అదీ అడగాల్సిందే. 15 ఏళ్ళు దాటిన బండికి రిజిస్ట్రేషన్ పొడిగించుకోవాలంటే 2022 ఏప్రిల్ నుంచి కేంద్రం కారు ఫీజు 600 నుంచి 5,000 చేసింది. పాత బండ్లు వదిలించుకోండనే సూచన అందులో ఉంది. పొగ సంగతి ఆలోచిస్తే ఆ సూచన తప్పనీ అనలేను. కానీ ట్యాంకు పోయిన జీపును ట్యాంకు బాగుందని చెప్పి అమ్మడం, నాకు అమ్మినాయన చేసిన పనే. ఉంచుకుంటే బాగుచేసి ఉంచుకోవాలి, అమ్మితే బాగుచేసి అమ్మాలి. రెండు దారులూ ముందు ట్యాంకు దగ్గరికే పోతాయి.

ఏ ట్యాంకు

పాత ఇనుము అంగళ్ళలో వెతికాను. అదే వయసు బండి ట్యాంకు తెస్తే అదే వయసు తుప్పు కూడా వస్తుంది. బయట కొత్త రంగు కొట్టి పెట్టినవి మరీ అనుమానం. ఆర్డరిచ్చి తెప్పించుకునే రెడీమేడ్ ట్యాంకు ఒకటి చూశాను. వేలితో నొక్కితే లోపలికి పోయేంత పలచన, పట్టీల గాడి కూడా కుదరలేదు.

ఒక చోట జీఐ రేకుతో, అంటే జింకు పూత వేసిన ఇనుప రేకుతో చేసిస్తామన్నారు, తుప్పు పట్టదు కదా అని. నీళ్ళ ట్యాంకుకు మంచిదే. డీజిల్‌కు జింకు పూత పనికిరాదు. జింకుతో డీజిల్ కలిసి సబ్బులాంటి పదార్థం తయారవుతుంది, అది పోయి నాజిళ్ళలో కూర్చుంటుంది. రాగి కూడా డీజిల్‌ను తొందరగా పాడుచేస్తుంది. ఈ సంగతి తెలియక జీఐ ట్యాంకు పెట్టించుకునే వాళ్ళు తుప్పును తప్పించుకుని పంపును పోగొట్టుకుంటారు.

చివరికి హోటళ్ళకు స్టీలు బల్లలు, ఇడ్లీ పాత్రలు చేసే షాపులో 304 రకం స్టెయిన్‌లెస్ స్టీలుతో, 16 గేజ్ మందం రేకుతో చేయించాను. మేస్త్రీ మొదట అడిగింది "ఎన్ని లీటర్లు సార్?" అని. అడ్డురేకుల గురించి నేను చెప్పకపోతే ఖాళీ పెట్టె చేసిచ్చేవాడే. అవి లేకపోతే గుట్ట మీద జీపు ఒరిగినప్పుడల్లా డీజిల్ మొత్తం ఒక పక్కకు కొట్టుకుని అతుకులు చీలుస్తుంది. పాత ట్యాంకు ఎదురుగా పెట్టి, పీల్చే పైపు, తిరిగొచ్చే రిటర్న్ పైపు, గాలి పైపు, అడుగున నీళ్ళు వదిలే ప్లగ్గు, ఒక్కొక్కటీ కొలిచి చేయించాను. గాలి పైపును పొడవు పెంచి బాడీలోపల పైకి తీసుకుపోయాం, ఇక వంక నీళ్ళు అందవు. స్టీలు కూడా శాశ్వతమని అనను. దానికి తుప్పు బాధ తక్కువ గానీ వణుకుడుకు వెల్డింగ్ దగ్గర బీటలిచ్చే గుణం ఉంది, అందుకే బ్రాకెట్లు ట్యాంకుకు అతికించకుండా పట్టీల మీదే కూర్చోబెట్టాం, కింద రబ్బరు కొత్తది. మిగతాది మామూలు పనే: పైపులు ఊది, ఫిల్టరు మార్చి, చేతి పంపు కొట్టి, గాలి మొత్తం పోయేదాకా స్క్రూ వదులు చేసి బిగించడం.

పాత ట్యాంకు

ఇంతా చేశాక ఒక చిక్కు మిగిలింది. నా వాదనకు సమాధానం బావ దగ్గర దొరకలేదు గానీ పాత ఇనుము అంగట్లో దొరికింది. ట్యాంకు మార్చి వెల్డరును కాపాడానని నేను అనుకుంటుంటే, ఆ పాత ట్యాంకు పోయేది పాత ఇనుము అంగడికి. అక్కడ దాన్ని ముక్కలు చేసేది గ్యాస్ కట్టర్‌తో. వెల్డింగ్ భాయ్ కనీసం నీళ్ళు నింపుతాడు, పిల్లోణ్ణి టీకి పంపుతాడు. ఇక్కడ కూలికొచ్చినవాడికి అది డీజిల్ ట్యాంకో, నీళ్ళ డబ్బానో చెప్పేవాళ్ళు కూడా ఉండరు.

అందుకని ఇంటి దగ్గరే దాని నిండా నీళ్ళు పోసి, సుత్తీ శానంతో (ఇనుప ఉలితో) మెల్లగా కొట్టి పైరేకు మొత్తం తెరిచాం. మంట లేదు, మిషన్ లేదు. లోపల అడ్డురేకుల వెనక పాత మాట్లు కనిపించాయి, ఒకదాని మీద ఒకటి, మూడు రంగుల్లో. అడుగున మిగిలిన జిగటను గోనెపట్టతో తుడిచి, ఎండలో నాలుగు రోజులు వదిలేశాం. బావ వచ్చి చూసి ఏమీ అనలేదు, శానం మాత్రం తన చేతికి తీసుకుని రెండు దెబ్బలు తనూ కొట్టాడు. "బిర్రుగా పట్టుకోవాలప్పా" అని చెప్పాడు, ఎట్లాగూ.

అంగడాయన మాత్రం తెరిచిన ట్యాంకును చూసి మొహం మాడ్చుకున్నాడు. "ఎందుకు సార్ ఇట్లా చీల్చినారు? మూసి ఉన్నదైతే ఎవరైనా కొని మాటు పెట్టించుకుందురు. ఇప్పుడు ఇది ఉత్త రేకు." రేకు ధరే ఇచ్చాడు.